మూడు గంటల షీట్లో లేని లైను

"ఆ ప్లగ్గు మీద చెయ్యి పడిందంటే, మిస్టర్ హాలరన్, ఆ చేతికే బేడీ పడుతుంది."

డిటెక్టివ్ ఎసెటా తమ్వాయ్ గొంతు పెంచలేదు. రేడియో గది గుమ్మంలో నిలబడి, బూట్లకంటిన ఇసుక దులుపుకుంటూ అంది. బల్ల కింద మోకాళ్ల మీద వంగి ఉన్న గ్రేమ్ హాలరన్ షాకు కొట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లేవబోతే నెత్తి బల్ల చెక్కకి ఠప్పున తగిలింది.

"నా దగ్గర కాగితం ఉంది," అన్నాడు నెత్తి రుద్దుకుంటూ. "ఈ జాలర్ల సంఘానికి బీమా ఇచ్చింది మా కంపెనీ. ఈ కంప్యూటర్ను బ్రిస్బేన్ తీసుకెళ్లే హక్కు నాకుంది. పన్నెండుంపావుకి విమానం."

"మీ దగ్గర కాగితం ఉంది. మా దగ్గర మనిషి లేడు. అదీ తేడా." ఎసెటా గోడ గడియారం చూసింది. పదీ నలభై. "ఎనోకా నీళ్లలోకి వెళ్లి పంతొమ్మిది గంటలు దాటింది. వాడి సంగతి తేలేదాకా ఈ గదిలో పుల్ల కూడా కదలదు."

గది మూలలో, రేడియో పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో ఫీబీ కూర్చుని ఉంది. అరవై ఒక్కేళ్ల మనిషి. పదకొండేళ్లుగా, ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న ఈ థర్స్‌డే ఐలాండ్ చుట్టుపక్కల పడవలన్నిటికీ ఆమె గొంతే గడియారం. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆ రోజు షీటు పంపుతుంది. పోటు ఎప్పుడు, గాలి ఎంత, ఎక్కడ ప్రమాదం. అది పడవల్లోని చిన్న తెరల మీద అక్షరాలుగా పడుతుంది. తర్వాత ఆమే మైకులో చదువుతుంది. ఆమె వద్దంటే ఎవరూ నీళ్లలోకి దిగరు. ఆమె ఏమీ అనకపోతే దిగుతారు.

నిన్న ఆమె ఏమీ అనలేదు. ఇరవై రెండేళ్ల ఎనోకా ఆ షీటు విని, రాతిరొయ్యల కోసం డింగీ, అంటే తన చిన్న మోటారు పడవ, వేసుకుని ఒక్కడే దీవుల మధ్య గాపు సందులోకి వెళ్లాడు. మళ్లీ కనపడలేదు. ఈ ఉదయం చర్చిలో ప్రార్థన పెడితే ఫీబీ కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు.

"ఆంటీ," ఎసెటా స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. "ఇంకొక్కసారి చెప్పు. వేళలతో సహా."

"ఎన్నిసార్లు చెప్పమంటావే?"

"నేను నమ్మనని కాదు. రాసుకోవాలి."

ఫీబీ చేతిలో తడి రుమాలు ఉంది. దాన్ని మడతపెడుతూ, విప్పుతూ మాట్లాడింది. "ఒకటీ యాభై అవుతుంది. ఎవరో పడవాయన రేడియోలో పిలిచాడు. గాపు సందు దాటి వస్తున్నాట్ట. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడు తర్వాత అక్కడ మనిషి దిగితే బతకడని చెప్పాడు. ఇంకా ఏదో చెప్పాడు. ఆయన చెబుతుంటేనే టైపు కొట్టాను. సేవ్ చేశాను. ఒట్టు, ఎసెటా."

"తర్వాత?"

"రెండూ అయిదుకి ఆస్పత్రికి వెళ్లాను. మా చెల్లికి చేపల పులుసు ఇచ్చి, జడ వేసి, రెండూ యాభైకి వచ్చాను. తెర అలాగే తెరిచి ఉంది. కింద కొత్త లైను ఒకటి కనపడింది, రొయ్యల కొనుగోలు పడవ అయిదు దాకా ఉంటుందని. అలా ఎవరో ఒకరు వచ్చి రాసి పోవడం మామూలే. మళ్లీ సేవ్ చేశాను. మూడింటికి పంపాను."

"చదవలేదా పంపే ముందు?"

ఫీబీ రుమాలు మడతపెట్టడం ఆపింది. "లేదు."

"మైకులో చదివేటప్పుడైనా...?"

"కళ్ల ముందున్నది చదివాను. లేనిదాన్ని ఎలా చదువుతాను? మా చెల్లి మొహమే కళ్లలో ఉంది. ఆ పిల్లాడి ఉసురు నాకే తగులుతుంది."

హాలరన్ దగ్గాడు. "డిటెక్టివ్, ఆవిడ బాధ నాకూ అర్థమవుతుంది. కానీ ఇది చూడండి." ప్రింటు తీసిన కాగితం ముందుకు చాపాడు. "నిన్నటి షీటు. హెచ్చరిక లేదు. పైగా గాలి గురించి రాసిన లైనులో 'విండ్' అనే మాటకి మొదటి అక్షరమే లేదు. 'ఇండ్' అని ఉంది. నాలుగు అక్షరాల మాట సరిగ్గా కొట్టలేని మనిషి, ఒక లైను మొత్తం మరిచిపోయిందంటే ఆశ్చర్యమేముంది?"

"పదకొండేళ్లలో ఆంటీ 'విండ్' అనే మాట ఎన్నిసార్లు కొట్టి ఉంటుంది?"

"నాకేం తెలుసు?"

"నాలుగు వేల సార్లు. తప్పు పడింది నిన్ననే." ఎసెటా కాగితం అందుకుంది. తప్పు పడిన చోట అక్షరం మాయమైంది, కానీ ఆ స్థానంలో ఒక ఖాళీ ఉంది. మరిచిపోతే అక్షరం ఉండదు. ఖాళీ ఎందుకుంటుంది?

ఆమె ఒక్కసారిగా తలెత్తింది. "మీరు ఈ ఫైలు తెరిచారా?"

"కాపీ తీసుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లో ఉంది."

"ఇందులో తెరిచి ఏమైనా దిద్దారా? ఆ అక్షరమో, ఒక చుక్కో? నిజం చెప్పండి."

"దిద్దడానికి నేనేమైనా బడిపంతుల్నా? కాపీ తీశానంతే. అంతకంటే ఏం కావాలి?"

ఎసెటా కాగితం బల్ల మీద పెట్టింది. "మీరు తీసుకెళ్లింది వండిన కూర, మిస్టర్ హాలరన్. ఏది ముందు వేశారో, ఏది వేసి తీశారో కూర చెప్పదు. అది ఈ పొయ్యి దగ్గరే తెలుస్తుంది. మీరు వేరే దాన్లో తెరిచి ఒక్క అక్షరం మార్చి ఇక్కడ పెట్టి ఉంటే, ఆ తెలిసే దారి మూసుకుపోయేది."

అప్పుడే గుమ్మం బయట మెట్టు మీద ఎవరో కదిలారు. ఎనోకా తండ్రి తిమో. తెల్లవారుజాము నుంచి అక్కడే ఉన్నాడు. రేడియోలో వెతుకులాట మాటలు వినపడతాయని. కొనుగోలు పడవలో తాళ్లు పట్టే పని ఆయనది. ఎవరో తెచ్చి పెట్టిన రొట్టె పళ్లెంలో అలాగే ఉంది, చీమలు పట్టి.

"లోపలికి రా అంకుల్," అంది ఎసెటా.

"వద్దులేమ్మా. ఇక్కడైతే రేడియోకి, ఒడ్డుకి మధ్యన ఉంటా."

ఎసెటా కంప్యూటరు ముందు కూర్చుంది. సోలారు కరెంటుతో నడిచే పాత పెట్టె అది. బొమ్మలుండవు, మౌసు ఉండదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. సన్నటి శాటిలైటు దారిలో అక్షరాలు తప్ప ఇంకేవీ పోవని, సంఘంలో ఒకప్పుడు పనిచేసిన మెకానిక్కు దీన్ని పెట్టి, ఫీబీకి వాడటం నేర్పి పోయాడు. దీన్లో రాసే పద్ధతే వేరు. కుర్చీలో కూర్చోగానే రాయడానికి వీల్లేదు. మొదట 'ఐ' అనే మీట నొక్కాలి. నొక్కితేనే అక్షరాలు అక్షరాలుగా పడతాయి. నొక్కకపోతే ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞ.

కెయిర్న్స్‌లో కంప్యూటర్ నేరాల విభాగంలో మూడేళ్లు పనిచేసినప్పుడు ఎసెటా ఇలాంటి తెర ముందే కళ్లు పాడుచేసుకుంది. ముందుగా ఫైలునీ, దాని వెనక దాగి ఉండే చరిత్ర ఫైలునీ రెండింటినీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించింది. ఫోను వీడియోలో పెట్టి టీ కప్పుకి ఆనించింది.

"మిస్టర్ హాలరన్, పెన్ను తియ్యండి. నేను చదివే వేళలు మీరు రాయండి. రేపు కోర్టులో నా మాట మీరు నమ్మక్కర్లేదు, మీ రాత మీరు నమ్ముతారు."

హాలరన్ మొహం చిట్లించాడు. కానీ పెన్ను తీశాడు. "ఏం చేస్తున్నారో చెప్పండి ముందు."

"వెనక్కి నడుస్తున్నాను. రాసినవన్నీ ఇది వరసగా గుర్తు పెట్టుకుంటుంది, వేళతో సహా. పెట్టె ఆపి మళ్లీ వేసినా మరిచిపోదు. 'యు' అనే మీట ఒకసారి నొక్కితే చివర చేసిన మార్పు ఒకటి వెనక్కి పోతుంది."

తెర మీద నిన్నటి షీటు ఉంది. చిట్టచివరి లైను, 'బయర్ బోట్ టిల్ ఫైవ్'. ఎసెటా 'యు' నొక్కింది. ఆ లైను మొదట్లోని అక్షరాలు మాయమయ్యాయి. 'అట్ టిల్ ఫైవ్' అని మాత్రమే మిగిలింది. తెర అడుగున చిన్న అక్షరాల్లో వేళ పడింది.

"రెండూ ముప్ఫై రెండు, నాలుగు సెకన్లు. 'బయర్ బో' అని ముందు తగిలించిన వేళ ఇది. అంటే మొదట 'అట్ టిల్ ఫైవ్' అనే రాశారు. తర్వాత తల అతికించారు."

"తల లేకుండా ఎవరు రాస్తారు?"

"అదే నాకూ కావాలి." మళ్లీ 'యు'. ఆ లైను మొత్తం పోయింది. "రెండూ ముప్ఫై ఒకటి, పదిహేను సెకన్లు." ఇంకోసారి. 'ఇండ్' అని ఉన్నచోట 'విండ్' ప్రత్యక్షమైంది. "రెండూ ముప్ఫై ఒకటి, ఎనిమిది సెకన్లు. ఆ అక్షరం తీసి ఖాళీ పెట్టిన వేళ. చూశారా? ఆంటీ సరిగ్గానే కొట్టింది. ఆ వేళకి ఆంటీ ఆస్పత్రిలో చెల్లికి జడ వేస్తోంది."

"ఆస్పత్రి వాళ్లని అడిగారా?"

"పొద్దున్నే. నర్సు పక్కనే ఉంది."

హాలరన్ తెర మీదికి వంగాడు. "సరే. 'విండ్' ఆవిడ తప్పు కాదు. హెచ్చరిక ఏదీ? అంతా వెనక్కి వెళ్లారు. ఇక్కడా లేదే!"

నిజమే. లేదు. ఫీబీ కుర్చీలోంచి లేచి వచ్చి తెర వంక చూసింది. ఎసెటా ఇప్పుడు తిరిగి ముందుకు నడిచే మీట నొక్కింది. అక్షరం పోయింది, లైను వచ్చింది, తల అతుక్కుంది. మళ్లీ మొదటి షీటే. ఇంకా నొక్కితే ముందుకు ఏమీ లేదని తెర చెప్పింది.

"గారడీ అయిపోయిందా?" అన్నాడు హాలరన్. "వెనక్కి వెళితే లేదు, ముందుకి వస్తే లేదు. ఆవిడ రాయలేదు, డిటెక్టివ్. రాశాననుకుంది. పెద్ద వయసు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు."

"నేను రాశాను," అంది ఫీబీ. "రాశాననే అనుకుంటున్నాను... రాశానా, ఎసెటా?"

ఎసెటా జవాబు చెప్పేలోగా గుమ్మంలోంచి తిమో గొంతు వినపడింది.

"ఆ బయర్ బోట్ లైను రాసింది నేనేనమ్మా."

అందరూ తిరిగి చూశారు. ఆయన మెట్టు మీంచి లేచి, టోపీ చేత్తో పట్టుకుని, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"కెప్టెను చెప్పి పంపాడు. పిల్లలు తొందరపడి దొరికినవన్నీ వేరేవాళ్లకి అమ్మేసుకోకుండా, మేం అయిదు దాకా ఉంటామని రాసి రమ్మన్నాడు. వచ్చి చూస్తే ఫీబీ లేదు. నేనే కొట్టాను. మీరు వెతికేదానికి ఏమైనా ఉపయోగముంటుందేమోనని చెప్పాను."

ఎసెటా చేతులు మీటల మీద ఆగిపోయాయి.

"అంకుల్, కూర్చోగానే ముందు ఏ మీట నొక్కావు?"

"ఏదీ లేదు. తిన్నగా 'బయర్ బోట్' అని కొట్టాను. పాడు పెట్టె మొరాయించింది. మొదటి అక్షరాలు ఏవీ పడలేదు. 'అట్' దగ్గర్నుంచే పడ్డాయి. అందుకని బాణం మీటతో వెనక్కి వెళ్లి, పడనివి మళ్లీ కొట్టాను. ఏం, తప్పా?"

బి. యు. వై. ఇ. ఆర్. ఎసెటా మనసులోనే ఒక్కొక్క అక్షరం నొక్కుకుంటూ వెళ్లింది. 'ఐ' నొక్కలేదు కనక పడినవి అక్షరాలు కావు, ఆజ్ఞలు. 'బి' ఒక మాట వెనక్కి జరిపింది. 'వై', 'ఇ' ఏమీ చెడగొట్టలేదు. 'ఆర్' తెర మీద మినుకుమనే గుర్తు దగ్గరున్న అక్షరాన్ని తీసి, తర్వాత కొట్టిన ఖాళీని అక్కడ పెట్టింది. అలా పోయింది 'విండ్' తల. 'బోట్'లో 'బి' మళ్లీ వెనక్కి జరిపింది. 'ఓ' కొత్త లైను తెరిచింది. అక్కణ్నుంచే 'అట్' పడటం మొదలైంది.

మరి రెండో అక్షరం?

ఆమె తిమో మొహం వంక చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని భయం వేసింది.

"తప్పేం లేదు అంకుల్. కాసేపు కూర్చో."

"ఇంకెక్కడ వెతుకుతారు?" అన్నాడు హాలరన్ గడియారం చూసుకుంటూ. "వెళ్లే దారి ఒకటే, వచ్చే దారి ఒకటే అన్నారుగా."

"అనలేదు. కొమ్మ విరిచి పక్కనుంచి కొత్త కొమ్మ మొలిస్తే, చాలా పెట్టెలు విరిగిన కొమ్మని పారేస్తాయి. ఇది పారెయ్యదు. దారి పట్టుకుని వెనక్కి వెళితే అది కనపడదు, ఎందుకంటే అది ఈ దారిలో లేదు. కాలం పట్టుకుని వెళ్లాలి. ఏది ముందు రాశారు, దానికి ముందు ఏది, దానికీ ముందు ఏది అని."

ఆమె రెండు మీటలు వెంట వెంటనే నొక్కింది. 'బయర్ బో' పోయింది. మళ్లీ నొక్కింది. లైను పోయింది. ఫీబీ ఆమె భుజం పట్టుకుంది.

మూడోసారి నొక్కింది.

షీటు అడుగున ఒక లైను వెలిగింది.

"ఒకటీ యాభై రెండు, నలభై సెకన్లు," అంది ఎసెటా. "ఈ మార్పు అయ్యాక ఫైలు సేవ్ చేసినట్టు గుర్తు కూడా ఉంది. రాస్తున్నారా, మిస్టర్ హాలరన్?"

హాలరన్ రాయడం లేదు. చదువుతున్నాడు. ఎసెటా పైకి చదివింది:

"'గాపు సందు. మూడు తర్వాత ఎవరూ దిగవద్దు. నీళ్లు పోటు పట్టికకి ఎదురు నడుస్తున్నాయి. పడమటికి కాదు, ఉత్తరానికి. ఆరు నాట్ల వేగం.'"

ఫీబీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రాశాను," అంది. "రాశాను కదా!" అని ఏడ్చేసింది. ఆ ఏడుపు సగంలో ఆగిపోయింది. కళ్లు పెద్దవి చేసి మళ్లీ తెర వంక చూసింది. "ఉత్తరానికి! ఆయన ఉత్తరమన్నాడు! ఆ ముక్క నా బుర్రలోంచి ఎలా పోయిందే? దిగొద్దన్నదొక్కటే గుర్తుంది."

అప్పటికే ఎసెటా రేడియో మైకు అందుకుంది. నిన్న సాయంత్రం నుంచి హెలికాప్టరూ, పద్నాలుగు డింగీలూ పడమటి వైపే వెతుకుతున్నాయి. అందరి చేతుల్లో ఉన్నది మూడు గంటల షీటే. అందులో ఉన్నది పోటు పట్టిక లెక్కే, నీళ్లు పడమటికని.

"వెతుకుతున్న వాళ్లందరికీ. పోలీసు తమ్వాయ్. వెనక్కి తిరగండి. గాపు సందులో నిన్న మధ్యాహ్నం నీళ్లు ఉత్తరానికి పోయాయి. మళ్లీ చెబుతున్నా, ఉత్తరానికి, ఆరు నాట్లు. పైలట్, వింటున్నారా?"

కాసేపు గరగర. తర్వాత పైలట్ గొంతు. "విన్నాను. ఉత్తరాన ఎక్కడికి? అటు అంతా నీళ్లే."

"వాసల్ తిన్నె," అన్నాడు తిమో. ఎప్పుడు వచ్చాడో ఆయన గది మధ్యలో ఉన్నాడు. "సందుకి ఉత్తరాన ఎనిమిది మైళ్లు. ఇసుక మేట. ఈదగలిగినవాడు దాన్ని వదలడు." ఆయన గడియారం చూశాడు. పదకొండూ ఇరవై. "రాత్రి పోటు చిన్నది, తిన్నె మునగదు. పగటి పోటు పెద్దది. పన్నెండూ ఇరవైకి దాని మీద నడుము లోతు నీళ్లుంటాయి. ఆ ఒరవడిలో ఎవడూ నిలబడలేడు."

"పైలట్, ఎంతసేపు పడుతుంది?"

"నలభై నిమిషాలు. దారిలో ఇంధనం చూసుకోవాలి. చూస్తాను. వెళుతున్నాను."

రేడియో గదిలో నలుగురు మనుషులు, ఒక గడియారం మిగిలారు.

చేసేది లేనప్పుడు మనిషి నోరు ఊరుకోదు. ముందు తేరుకున్నది హాలరనే. తను రాసిన వేళల కాగితం మీద పెన్నుతో కొడుతూ లెక్క కట్టుకున్నాడు.

"అంటే ఒకటీ యాభై రెండుకి ఉంది. రెండూ ముప్ఫై ఒకటికి లేదు. మధ్యలో ఎప్పుడు చెరిపారు?"

"వెనక్కి వెళ్లిన వేళ ఇది రాసుకోదు. కొత్తగా కొట్టిన వేళే రాసుకుంటుంది."

"కానీ ఆ తర్వాత కొట్టిన మొదటి మనిషి..." హాలరన్ తలెత్తాడు. "మై గాడ్. 'బయర్'లో రెండో అక్షరం 'యు'! మీరు ఇందాక వెనక్కి నడవడానికి నొక్కిన మీట! అంటే చెరిపింది ఈయనే! తండ్రే..."

"నోరు ముయ్యండి!"

ఆ అరుపుకి ఫీబీ ఉలిక్కిపడింది. ఎసెటా లేచి నిలబడింది. హాలరన్ కంటే జానెడు పొట్టి, కానీ అతను గోడకి జరిగాడు.

"నిజమే కదా నేనన్నది," అన్నాడు తగ్గిన గొంతుతో.

"నిజమే. నిజం చెప్పడానికీ ఒక వేళ ఉంటుంది. మీరు గడియారం చూసుకునే మనిషి, ఆ మాత్రం తెలియదా?"

ఆలస్యమైపోయింది. తిమో స్టూలు మీద కూలబడి ఆ మీటల వంక చూస్తున్నాడు. మోటు వేలితో గాలిలో ఒక్కొక్కటే నొక్కుతున్నాడు. బి. యు. రెండో దాని దగ్గర వేలు ఆగింది.

"నేను నొక్కినప్పుడు," అన్నాడు మెల్లగా, "తెర మీద ఏదో కదిలినట్టయింది. నేను మీటల వంక చూసుకుంటున్నాను. నాకు చూడకుండా కొట్టడం రాదు."

"అంకుల్..."

"చెప్పమ్మా. ఒక్క మీటకే పోయిందా? అంత లైనూ?"

అబద్ధం చెప్పడానికి ఎసెటాకి నోరు రాలేదు. ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఒక్క మీటకే. ఆంటీ చివర రాసింది ఆ లైనే కనక, వెనక్కి పోయింది ఆ లైనే. నువ్వు కాకపోతే నేనైనా అలాగే కొట్టేదాన్ని. ఈ పెట్టె మొదటిసారి చూసినవాళ్లందరూ చేసేది అదే. నువ్వు చెరపలేదు, రాయబోయావు."

"వాడి కోసమే రాశాను," అన్నాడు తిమో. "కెప్టెను నాలుగింటికే పోదామన్నాడు. నేనే బతిమాలి అయిదు చేయించాను. మావాడు కొత్త ఇంజను కొన్నాడు, నాలుగు రొయ్యలు ఎక్కువ అమ్ముకుంటాడని."

టోపీ నేల మీద పడింది. ఆయన తీసుకోలేదు.

తీసింది ఫీబీ. దులిపింది. నిన్నటి నుంచి తనని ఎవరూ తాకలేదన్న సంగతి ఆమెకి గుర్తుందో లేదో. తిమో పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, టోపీ తన ఒళ్లో పెట్టుకుని, ఆయన చెయ్యి పట్టుకుంది.

"చదవకుండా పంపింది నేను తిమో. నువ్వు ఒక్క మీట నొక్కావు. నా చేతిలో పది నిమిషాలున్నాయి."

పదకొండూ నలభై. యాభై. దక్షిణపు గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది. హాలరన్ లేచి వెళ్లి దాన్ని మూసి గడియ పెట్టాడు. పన్నెండయింది. అతని విమానం సంగతి ఎవరూ ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు. తను ముందే రాసి పెట్టుకున్న రిపోర్టు తీసి, మొదటి పేజీలో 'క్లర్కు నిర్లక్ష్యం' అని ఉన్నచోట అడ్డంగా గీత కొట్టి, సంతకం పెట్టి ఎసెటాకి చూపించాడు. ఆమె తల ఊపింది.

పన్నెండూ నాలుగు నిమిషాలకి రేడియో గరగరలాడింది.

"తిన్నె కనపడుతోంది. దాదాపు మునిగింది. మధ్యలో పడవంత జాగా మిగిలింది..."

తిమో ఫీబీ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆమె మొహం ముడుచుకుంది. వదిలించుకోలేదు.

"...మనిషి ఉన్నాడు. నిలబడ్డాడు. చొక్కా ఊపుతున్నాడు! తాడు దించుతున్నాం."

ఆరు నిమిషాలు గడిచాయి. ఎసెటా తన జీవితంలో అంత పొడుగు ఆరు నిమిషాలు చూడలేదు. అప్పుడు హెలికాప్టరు రొదలోంచి, ఎండిపోయిన గొంతుతో, ఒక కుర్రాడి మాట వినపడింది. పైలట్ హెడ్‌ఫోను ఇచ్చినట్టున్నాడు.

"నాన్నా? ఉన్నావా అక్కడ?"

ఎసెటా మైకు తిమో చేతిలో పెట్టింది. ఆయన నొక్కాడు. వదిలేశాడు. మళ్లీ నొక్కాడు. "ఉన్నానురా. చెప్పు."

"డింగీ పోయింది నాన్నా. కొత్త ఇంజను కూడా. తిట్టకు."

"ముందు ఇంటికి రా. తిట్లెక్కడికీ పోవు."

నవ్వో దగ్గో వినపడింది. తర్వాత, "మూడు గంటల షీట్లో ఏమీ లేదు నాన్నా. నేను మొత్తం విన్నాను. ఫీబీ ఆంటీ ఏమీ చెప్పలేదు. అందుకే వెళ్లాను."

ఫీబీ తల దించుకుంది. ఎసెటా మైకు కోసం చెయ్యి చాపింది. అది అందరూ వినే ఛానలు. పద్నాలుగు డింగీలు, ఒడ్డున రేడియో ఉన్న ప్రతి వంటిల్లు ఆ మాట వింటున్నాయి. ఇలాంటి మాటలు తర్వాత, తలుపులు వేసుకుని మాట్లాడుకోవచ్చు. తిమో ఆమె చేతిని పక్కకి జరిపాడు.

"ఉందిరా," అన్నాడు. "ఫీబీ ఆంటీ రాసింది. ఒకటీ యాభై రెండుకి రాసింది. గాపు సందులో దిగొద్దనే రాసింది. నేను వచ్చి, తెలియక, ఆ లైను చెరిపేశాను. పోలీసమ్మ కళ్ల ముందు పెట్టి చూపించింది. ఫీబీ తప్పు లేదు. అందరూ వినండి. ఫీబీ తప్పు లేదు."

మీట వదిలి మైకు బల్ల మీద పెట్టాడు. హాలరన్ కిటికీ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

ఛానలు మీద ఒట్టి గరగర. తర్వాత ఎక్కడి నుంచో, పడమటి దిక్కున తిరిగి వస్తున్న ఏదో డింగీలోంచి, ఒక మగ గొంతు మొహమాటంగా అడిగింది:

"ఫీబీ ఆంటీ... ఇవాళ మూడింటికి షీటు ఉంటుందా?"

ఫీబీ రుమాలుతో మొహం తుడుచుకుంది. మైకు దగ్గరికి లాక్కుంది.

"ఎందుకుండదురా?" అంది. "మూడింటికే."